కాలువ కట్టేసిన వేసవి

మా కోడలికి ఈమధ్య సైకిల్ పిచ్చి పట్టుకుంది. బెజవాడ పటమటలో మేముండే అపార్ట్‌మెంట్లో ఇదే పిచ్చి ఉన్నవాళ్లు ఇంకో నలుగురున్నారు. ఆదివారం తెల్లవారకముందే లేచి, నెత్తిన హెల్మెట్లు బిగించి, సీసాల్లో నీళ్లు నింపుకుని, కాలువ గట్లమ్మట పడి పోతారు. పనేమీ ఉండదు. తొక్కుకుంటూ వెళ్లడం, ఏదో ఊళ్లో పాక హోటల్లో ఇడ్లీ తినడం, ఫోటోలు తీసుకుని రావడం, అంతే. మా రోజుల్లో పనిలేకుండా సైకిలెక్కితే అన్నం అరగట్లేదా అని అడిగేవాళ్లు. ఇప్పుడు నిజంగానే అరగకే ఎక్కుతున్నారు కాబట్టి నేనేమీ అనను.

మొన్న పామర్రు వైపు వెళ్లొచ్చింది. చెమటలు కూడా తుడుచుకోకుండా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, "చూడండత్తయ్యా, మీ తాతగారి ఊరి వైపే. గట్టు ఎంత బాగుందో. కాలువలో నీళ్లు లేవుగానీ, ఉంటే ఫోటోలు అదిరిపోయేవి," అంది.

ఎండాకాలం కదా, కాలువలు కట్టేశారు. ఫోటోలో గట్టు, తాటిచెట్లు, పసుప్పచ్చ చొక్కాలో మా కోడలు, పక్కన ఆమెగారి సైకిలు. కింద ఎండి నెర్రెలిచ్చిన కాలువ. నేను ఫోటోని వేళ్లతో పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుతూ చూస్తున్నాను. కోడలు అడిగింది.

"ఏం వెతుకుతున్నారు? నేను పైన గట్టు మీదున్నాను. మీరు కాలువలో చూస్తున్నారు."

నిజమే. ఎండిపోయిన కాలువ కనిపిస్తే నా చూపు గట్టు మీద నిలవదు, అడుక్కి పోతుంది. బస్సులో వెళ్తున్నా, కార్లో వెళ్తున్నా అంతే. పదో ఏట పట్టుకున్న అలవాటు. ఇన్నేళ్లొచ్చినా వదల్లేదు. "ఏం లేదులే, స్నానం చెయ్యి," అని ఫోను ఇచ్చేశాను. ఇడ్లీలు తిని సంతోషంగా వచ్చిన పిల్లకి పొద్దున్నే ఆ కథ చెప్పబుద్ధి కాలేదు. ఆమె లోపలికెళ్లాక మాత్రం మనసంతా పాడైపోయింది. ఇక ఆ రోజు నాకు ఏ పనీ సాగలేదు.

అప్పట్లో మేం వన్ టౌన్‌లో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడ ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. గోడౌన్ల మధ్య ఇరుకు వాటా మాది. ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్ముతూ నిద్రలేవడం, తోపుడు బళ్లవాళ్ల కేకల మధ్య చదువుకోవడం. అందుకే వేసవి సెలవులంటే ప్రాణం లేచొచ్చేది. బడి మూసిన మర్నాడే నన్ను పామర్రు బస్సెక్కించేవాళ్లు. అక్కడ తాతయ్య సైకిలేసుకుని నిలబడి ఉండేవాడు. పామర్రు నుంచి కాలువ గట్టు మీదుగా మా ఊరు. ఆ ఇంట్లో తాతయ్య, నాయనమ్మ, బాబాయి, పిన్ని.

ఆ ఏడు వెళ్లేసరికి బాబాయి లేడు.

అంతకుముందు కార్తీకమాసంలో ఒకరోజు బాబాయికీ తాతయ్యకీ పెద్ద గొడవైంది. బాబాయికి వ్యవసాయం మీద మనసు లేదు. మా నాన్నలాగా బెజవాడ వెళ్లి ఏదైనా వ్యాపారం చూసుకుంటానంటాడు. తాతయ్య వద్దంటాడు. మాటా మాటా పెరిగి, "పోతే పో, మళ్లీ ఈ గడప తొక్కకు," అన్నాడట తాతయ్య. బాబాయి సైకిలేసుకుని పామర్రు వెళ్లాడు. సాయంత్రం అక్కడ టీ కొట్లో కూర్చుని టీ తాగాడని కొట్టతను చెప్పాడు. తర్వాత వాన మొదలైంది. ఆ పైన బాబాయి ఎవరికీ కనిపించలేదు, సైకిలూ కనిపించలేదు.

మా నాన్న వన్ టౌన్‌లో గోడౌనూ గోడౌనూ తిరిగి అడిగాడు. పోలీసులకి చెప్పారు. కాలువేమో గట్ల నిండా పారుతోంది, అందులో ఏం వెతుకుతారు? ఇక ఊళ్లో మాటలు మొదలయ్యాయి. బస్టాండులో చూశామని ఒకళ్లు, రైలెక్కుతుంటే చూశామని ఇంకొకళ్లు. మెల్లిగా ఆ మాటలన్నీ పిన్ని మీదికి వచ్చి వాలాయి. తండ్రితో గొడవపడితే మాత్రం పెళ్లాన్ని వదిలేసి పోతాడా, ఆ పిల్లతోనే ఏదో పడి ఉండదు, అందుకే పోయాడు. ఇదీ తేల్చింది ఊరు.

పిన్నికి అప్పుడు ఇరవై రెండో ఇరవై మూడో. పిల్లల్లేరు. నేను వెళ్లిన రెండో రోజే పక్కింటావిడ కుంకుమ భరిణె పట్టుకుని పేరంటానికి పిలవడానికొచ్చింది. నాయనమ్మకి బొట్టు పెట్టింది. పిన్ని గుమ్మంలో నిలబడి ఉంటే, ఆవిడ భరిణె వైపొకసారి, పిన్ని వైపొకసారి చూసి, "వస్తానండీ, ఇంకా నాలుగిళ్లు తిరగాలి," అని వెళ్లిపోయింది. బొట్టు పెట్టాలో, పెట్టకూడదో ఆవిడకి తెలియలేదు. ఊళ్లో ఎవరికీ తెలియదు. పిన్ని ఏమీ జరగనట్టు వెళ్లి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. నాకు ఆ పక్కింటావిడ జడ పట్టుకు లాగాలనిపించింది.

అరుగు మీద కూర్చునే పెద్దమనుషులు మాత్రం ఒక్క మాటే అనేవాళ్లు. "కాలువ కట్టేయనీయండి. అన్నీ తేలిపోతాయి."

ఆ సంగతి డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరాక చెరువులు నింపుకోనిచ్చి, పైనుంచి కాలువలకి నీళ్లాపేస్తారు. నాలుగు రోజుల్లో నీళ్లు జారిపోయి అడుగు బయటపడుతుంది. ఏడాది పొడుగునా ఊళ్లు కాలువలో పోగొట్టుకున్నవన్నీ అప్పుడు పైకొస్తాయి. రేవులో జారిపోయిన బిందెలు, చెంబులు, చెప్పులు, బండి చక్రాలు, పలుగులు. బురదలో చేపలు పట్టేవాళ్లకీ, పూడిక తీసేవాళ్లకీ ఏది దొరికినా తెచ్చి, కాలువకి అడ్డంగా తలుపులుండే లాకుల దగ్గర చెట్టు కింద పెట్టేవాళ్లు. లాకుల్ని కనిపెట్టుకుని ఉండే లస్కరు వాటికి కాపలా. సొంతవాళ్లు వచ్చి చూసుకుని "ఇది మాదే" అంటే చాలు, ఇచ్చేసేవాడు. సాక్ష్యం అడగడం, గుర్తులు చెప్పమనడం ఉండేది కాదు. ఆ ఒక్క మాట అంటే అయిపోయినట్టే. కాలువ దగ్గర అబద్ధమాడకూడదని అందరికీ ఒక పట్టింపు.

బాబాయి సైకిలు అలా ఏదో ఒక చెట్టు కిందకి వస్తుందా రాదా అన్నదే ఆ వేసవంతా. వస్తే పిన్ని బొట్టు చెరిపేస్తారు. రాకపోతే మొగుడు వదిలేసిన మనిషిగా ఉండిపోతుంది.

నాకు మాత్రం ఇదంతా అర్థం కాలేదు. సైకిలు దొరికితే బాబాయి దొరికినట్టేనని అనుకున్నాను. సైకిలు ఎక్కడుంటే బాబాయి అక్కడే ఉంటాడు కదా.

నీళ్లు తగ్గిన మర్నాటి నుంచి తాతయ్య పొద్దున్నే సైకిలు తీసేవాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకుని గట్టు మీద మెల్లిగా తొక్కుతూ కాలువలోకి చూసుకుంటూ వెళ్లేవాడు. రెండు రోజులయ్యాక పిన్ని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మావయ్యగారూ, నేనూ వస్తాను."

"ఎట్టా వస్తావమ్మా, ఎండలో నడిచా?"

"సైకిల్ మీద. మా ఊళ్లో హైస్కూలుకి సైకిల్ మీదే వెళ్లేదాన్ని."

నాయనమ్మ లోపల్నుంచి, "కోడలు సైకిలెక్కి తిరిగితే జనం ఏమనుకుంటారే?" అంది.

"ఇప్పుడు కొత్తగా అనుకునేదేముంది అత్తయ్యా?" అంది పిన్ని.

తాతయ్య వెళ్లి అద్దె సైకిలు తెచ్చాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని పిన్ని సైకిలెక్కింది. నేను జట్టు మార్చి పిన్ని వెనక ఎక్కాను. వీధి చివరిదాకా అరుగుల మీద మనుషులు నోళ్లు తెరుచుకుని చూశారు. నేను వాళ్లందరికీ చెయ్యూపాను.

ఇలా అనొచ్చో అనకూడదో గానీ, నా జన్మలో అంత మంచి సెలవులు మళ్లీ రాలేదు. రోజూ ఒక దిక్కు. ఒకరోజు పామర్రు వైపు, ఒకరోజు కిందికి, ఒకరోజు పిల్ల కాలువలమ్మట. తొందర లేదు. అడుగడుగూ చూసుకుంటూ వెళ్లాలి కాబట్టి నడిచేవాళ్లు కూడా మమ్మల్ని దాటిపోయేవాళ్లు. కాలువలోంచి కుళ్లిన నాచు వాసన, చేపల నీచు వాసన వచ్చేవి. మొదట్లో ముక్కు మూసుకున్నాను, తర్వాత అలవాటైపోయింది. మడుగుల్లో పిల్లలు కొర్రమీనులు పడుతుంటే దిగి చూసేదాన్ని. పూడిక మట్టి పొలాలకి తోలే ఎడ్లబళ్లకి దారిచ్చి గట్టు దిగేవాళ్లం. మధ్యాహ్నం ఏ చెట్టు కిందో ఆగి క్యారేజీ విప్పేవాళ్లం. నాయనమ్మ పెరుగన్నంలో ఆవకాయ ముక్కలు విడిగా పెట్టేది. తాతయ్య ఎవరి చేతనో ముంజలు కొట్టించేవాడు. బొటనవేలితో ముంజ పొడుచుకుని తింటుంటే గౌను ముందంతా తడిసిపోయేది.

ఎదురొచ్చినవాళ్లు పలకరించేవాళ్లు. "ఏం పెద్దాయనా, మనవరాల్ని, కోడల్ని ఏసుకుని షికారు బయల్దేరారా?"

"ఆ, పిల్ల పేచీ పెడతంది, అట్టా తిప్పుకొద్దామని," అనేవాడు తాతయ్య. నేను పేచీ పెట్టలేదని చెప్పబోతే పిన్ని నా మోకాలి మీద చిన్నగా గిల్లేది.

ఒకరోజు నేనొక చెంబు చూసి దానికోసం కాలువలోకి దిగాను. పైన ఎండిపోయినట్టు కనిపించిందిగానీ లోపల బురద. తొడల దాకా కూరుకుపోయి, కదలకుండా నిలబడి, "నేనిక్కడే ఉంటాను, మీరు వెళ్లిరండి," అన్నాను ఏడుపు దాచుకుంటూ. పిన్నికి నవ్వొచ్చేసింది. కడుపు పట్టుకుని, గట్టు మీద కూర్చుని మరీ నవ్వింది. ఆ సెలవులకి నేనొచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. అంతలో తాతయ్య తన వైపే చూస్తున్నాడని గమనించి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. తాతయ్య గబుక్కున మొహం తిప్పుకుని, గట్టు మీద పడి ఉన్న తాటిమట్ట తెచ్చి, పట్టుకోమని నాకందించాడు.

ఆ రోజు తిరిగొస్తుంటే వెనక నుంచి అడిగాను.

"పిన్నీ, సైకిలు దొరకాలని దేవుడికి దణ్ణం పెట్టుకోనా?"

పిన్ని ఎదురొచ్చిన ఎడ్లబండిని తప్పించి తొక్కింది.

"నువ్వు పెట్టుకుంటున్నావా?" అన్నాను మళ్లీ.

"పెట్టుకుంటున్నానే. ఏమని పెట్టుకోవాలో తెలీక ఊరికే పెట్టుకుంటున్నాను."

నాకర్థం కాలేదు. ఆమె వీపుకి తల ఆనించుకుని కూర్చున్నాను. జాకెట్టు చెమటకి తడిసిపోయి ఉంది.

తాతయ్యా పిన్నీ ఒకే కాలువని వెతుకుతున్నా, వెతకడంలో తేడా ఉందని పిల్లనైనా నాకు తెలిసేది. లోతు మడుగులొచ్చినప్పుడు తాతయ్య ముందుకి తొక్కేసేవాడు. "అక్కడేం లేదు, చూశాగా," అనేవాడు వెనక్కి తిరక్కుండానే. పిన్ని మాత్రం దిగేది. సైకిలు నా చేతికిచ్చి, గట్టు వాలులో కూర్చుని, మడుగు వైపు చూస్తూ ఉండిపోయేది. తాతయ్య దూరాన ఆగి బీడీ వెలిగించుకునేవాడు. అన్నాలప్పుడు కూడా ఆయన మాటలు వేరే దారిన పోయేవి. "మొండి వెధవ. కోపం వస్తే నాలుగు రోజులు మాట్లాడడు చిన్నప్పట్నుంచీ. ఈసారి నాలుగు నెలలు పట్టింది, అంతే. పంట చేతికొచ్చాక చూడు, తనే వస్తాడు." పంట ఎప్పుడో చేతికొచ్చింది. నాలుగు నెలలు దాటి కూడా చాలా రోజులైంది. పిన్ని తలొంచుకుని అన్నం కలిపేది.

ఆకాశంలో మబ్బులు కనపడటం మొదలైంది. ఇంకొన్నాళ్లలో నీళ్లొదులుతారని అందరూ అనుకుంటున్నారు. కాలువలో ఏమీ దొరకలేదు. తాతయ్య మొహం కాస్త తేటపడింది. ఆ రోజు మా ఊరికి దిగువనున్న లాకుల దాకా వెళ్లాం. దూరం నుంచే లస్కరు చెయ్యూపి పిలిచాడు.

"పెద్దాయనా, ఒకసారి ఇట్టా రండి. మీ ఊరి మలుపు దగ్గర, రేవుకి ఇవతల, పూడిక తీసేవాళ్ల పారకి తగిలిందండి. పొద్దున్నే తెచ్చి పెట్టారు. మీదేమో చూసుకోండి."

చెట్టు కింద రెండు బిందెలు, ఒక నాగలి కర్రు, వాటి పక్కన సైకిలు. సైకిలంటే సైకిలు ఆకారం. సీటు లేదు, టైర్ల నిండా బురద, హేండిలు నిండా నత్తగుల్లలు. కానీ వెనక చక్రం ఇరుసుకి అటొకటి ఇటొకటి రెండు ఇనప గొట్టం ముక్కలు ఉన్నాయి. అంతకుముందు వేసవిలో నా కాలు చక్రంలో పడి మడమ చీరుకుపోయింది. పిల్ల కాళ్లు ఇక్కడ పెట్టుకుంటుందని బాబాయి పామర్రులో వెల్డింగు పెట్టించాడు. ఆ ఊళ్లో ఇంకే సైకిలుకీ అలాంటివి లేవు. నాకు ఒళ్లంతా సంతోషం పొంగుకొచ్చింది. బాబాయి దొరికాడని అరవబోయాను.

తాతయ్య సైకిలు దిగను కూడా దిగలేదు. ఒక కాలు నేల మీద పెట్టి అక్కడి నుంచే చూశాడు.

"మాది కాదు," అన్నాడు.

లస్కరు, "దగ్గరికొచ్చి చూడండి, తొందరేముంది," అన్నాడు.

"మావాడి సైకిలు నాకు తెలీదా? కాదంటన్నాగా. పద అమ్మాయ్, ఎండెక్కుతోంది."

పిన్ని సైకిలు దిగి పక్కనే నిలబడ్డ నా తల మీద ఆయన చెయ్యి వచ్చి పడింది. నిమరడానికి కాదు, నా నోరు మూయడానికని తెలిసింది. కాలువ దగ్గర అబద్ధమాడకూడదని తెలిసీ తాతయ్య ఎందుకలా అంటున్నాడో తెలియక ఆయన మొహంలోకి చూశాను. నాకు భయమేసింది.

పిన్ని అద్దె సైకిలుకి స్టాండు వేసింది. నడుచుకుంటూ వెళ్లి ఆ సైకిలు ముందు గొంతుక్కూర్చుంది. పైటచెంగుతో ఆ రెండు గొట్టం ముక్కల మీద బురద తుడిచింది. ఒకటి తుడిచి, రెండోది తుడిచింది. లేచి లస్కరు వైపు తిరిగింది.

"మాదే," అంది.

"అమ్మాయ్." తాతయ్య పిలిచాడు. "తొందరపడి అనమాకమ్మా. అన్నాక వెనక్కి తీసుకోలేం. నీ మొహాన బొట్టు సంగతి చూసుకో."

"చూసుకున్నాను మావయ్యగారూ."

"వాడు ఎక్కడో బతికే ఉన్నాడమ్మా. నా మీద కోపంతో పోయాడు. నేను పొమ్మన్నాను, పోయాడు. వస్తాడు."

"పామర్రులో టీ తాగాడని కొట్టతను చెప్పాడు కదండీ. సైకిలు మన మలుపు దగ్గర దొరికింది. అంటే తిరిగొస్తున్నాడు. నన్నొదిలేసి ఎక్కడికీ పోలేదు, ఇంటికే వస్తున్నాడు. మీ మీద కోపం కూడా తగ్గే ఉంటుంది మావయ్యగారూ, లేకపోతే ఆ వానలో ఎందుకొస్తాడు?"

తాతయ్య సైకిలు వదిలేశాడు. అది గట్టు మీద పడిపోయింది. ఆయన ఆ పక్కనే కూలబడి, తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెద్దవాళ్లు అలా ఏడవగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

"మరి బాబాయేడి?" అన్నాను.

పిన్ని వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. బురద చేతుల ముద్రలు నా గౌను మీద పడ్డాయి. అప్పుడు అర్థమైంది నాకు. ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది.

మలుపు దగ్గర మనుషుల్ని పెట్టి ఎంత తవ్వించినా ఇంకేమీ దొరకలేదు. అన్ని నెలల నీళ్లు పారిపోయాయి. మా నాన్న బెజవాడ నుంచి వచ్చాడు. దర్భలతో మనిషి బొమ్మ చేసి కర్మ జరిపించారు. పిన్ని గాజులు తీసే రోజున నన్ను ధాన్యం గదిలో పెట్టి తలుపేశారు. చెవులు మూసుకున్నాను గానీ వినిపిస్తూనే ఉంది. పిన్ని ఏడుపు కాదు, మిగతా అందరి ఏడుపూ. ఆ మధ్యాహ్నమే నన్ను బస్సెక్కించారు. కాలువలోకి ఎర్రటి కొత్తనీళ్లు వస్తున్నాయి. పిల్లలు గట్టు మీద వాటికి ముందు పరిగెడుతున్నారు. నేను కిటికీ వైపు నుంచి ఇటు జరిగి కూర్చున్నాను.

తాతయ్య ఆ తర్వాత చాలా ఏళ్లు బతికాడు. ఎప్పుడు వన్ టౌన్‌లో మా ఇంటికొచ్చినా, సాయంత్రమయ్యేసరికి అలా తిరిగొస్తానని రైల్వే స్టేషనుకి వెళ్లేవాడు. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని, దిగేవాళ్ల మొహాలు చూసేవాడు. కర్మ చేసింది ఆయన చేతులే. అయినా వెళ్లేవాడు. మా నాన్న ఒకసారి వెనకాలే వెళ్లి చూసొచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు.

ఆ వయసులో నేను తాతయ్య మీద కోపం పెంచుకున్నాను, పిన్నికి దక్కాల్సిన నిజాన్ని దాచబోయాడని. ఇప్పుడు నాకూ ఒక కొడుకున్నాడు కాబట్టి ఆ కోపం లేదు. ఆయనకి కొడుకు బతికుండాలి, తిట్టి పోయినా సరే, ఎప్పటికీ రాకపోయినా సరే. పిన్నికి మొగుడు తన దగ్గరికే వస్తూ ఉండి ఉండాలి, చచ్చిపోయినా సరే. దొరికిందేమో ఒక్క సైకిలు. అది ఇద్దరికీ ఎలా సరిపోతుంది?

పిన్ని పామర్రులో కుట్టుపని నేర్పుతూ బతికింది. అక్కడి కాలనీ ఆడపిల్లలకీ, చర్చి పాస్టరుగారి పిల్లలకీ, అందరికీ ఆమే టీచరు. చివర్లో కళ్లు కనపడక నా దగ్గరికే పటమట వచ్చి ఉంది. పోయిన ఏడు పోయింది. పోయే ముందు వేసవిలో ఒకరోజు, అన్నం తినిపిస్తూ, ఇన్నేళ్లూ అడగలేకపోయింది అడిగేశాను.

"ఆ రోజు కాదని ఊరుకుంటే ఏం పోయేది పిన్నీ? తాతయ్య కాదన్నాక నిన్నెవరూ అడిగేవాళ్లు కాదుగా. నీ బొట్టు, నీ గాజులు నీకుండేవి."

పిన్ని ముద్ద అందుకోకుండా చేత్తో నా చెయ్యి ఆపింది.

"ఉండేవి. మీ బాబాయి కూడా ఎక్కడో ఉన్నట్టే ఉండేవాడు. రోజూ పొద్దున్నే ఆ బొట్టు పెట్టుకుంటూ, నన్నొదిలేసి పోయాడని ఆయన్ని తిట్టుకునేదాన్ని. తిట్టుకోవాల్సిన మనిషి కాదే ఆయన."